డిఫరెన్షియలు: పుట్టుక, అరుగుదల, జీర్ణోద్ధారము

ఎద్దుబండి మలుపు తిరుగుట చూడనివారు మనలో నుండరు. బండి కుడివైపునకు తిరుగునప్పుడు కుడిచక్రము మెల్లగాను, ఎడమచక్రము వడిగాను దొర్లును. అందుల కెవ్వరును ఆశ్చర్యపడరు. ఇరుసు కదలదు, చక్రములు రెండును దానిపై వేర్వేరుగా తిరుగును, చక్రము జారిపోకుండ చివర నొక శీల యుండును. ఒక చక్రమునకు రెండవదానితో పనిలేదు. బండిని లాగునవి యెద్దులు గాని చక్రములు గావు. కావున మన బండివానికి మలుపు ఒక సమస్య కానేలేదు.

శ్రోతలారా! ఎద్దులను విప్పివైచి, ఇరుసునే త్రిప్పి బండిని నడపవలెనని మనుష్యుడు సంకల్పించిననాడు ఈ సమస్య పుట్టినది. ఇరుసు తిరుగవలెనన్న చక్రములు దానికి బిగింపబడి యుండవలెను. రెండును ఒకే యిరుసునకు బిగింపబడినచో రెండును ఒకే వేగముతో తిరుగవలెను. మలుపున నది సాధ్యము కాదు.

కళ్లములో పంట నూర్చుటను స్మరింపుడు. నడుమ నొక గుంజ పాతి, పశువులను వరుసగా కట్టి త్రిప్పుదురు. గుంజ దాపున నున్న పశువు ఉన్నచోటనే తిరుగుచున్నట్లుండును. చివరనున్నది పరుగిడవలెను. ఎంత యెక్కువ నడవవలెనో లెక్క చూతము. రెండు చక్రముల నడుమ దూరము 4 అడుగులనుకొందము. బండి యొక చుట్టు పూర్తిగా తిరిగినచో వెలుపలి చక్రపు వలయవ్యాసము లోపలి చక్రపు వలయవ్యాసముకంటె 8 అడుగులు పెద్దది. భాస్కరాచార్యుడు లీలావతిలో చెప్పిన స్థూలమానము చొప్పున వ్యాసమును 22 చేత గుణించి 7 చేత భాగింపగా పరిధి వచ్చును. ఆ లెక్కను వెలుపలి చక్రము సుమారు 25 అడుగు లధికముగా దొర్లవలెను. వలయము చిన్నదైనను, ఊరంత పెద్దదైనను ఈ 25 అడుగులు మాఱవు. బిగింపబడిన చక్రముల కీ భేదము తీరు మార్గము లేక, ఒకటి నేలపై ఈడ్వబడును. లేదా యిరుసు మెలితిరిగి విఱుగును.

ఈ చిక్కును విడదీసిన సాధనమే డిఫరెన్షియలు. మోటారుబండి వెనుక యిరుసు నడుమ గుండ్రని యుబ్బుగా కనబడు ఇనుపగూడులో నిది యుండును. తెలుగు చెప్పి బ్రదికిన పండితునకు ఇనుపగూటితో నేమి పని యని మీరడుగవచ్చును. ఇంగ్లండులో కాపురమున్న నా శిష్యుడొకడు నాకు తెలుగులో నుత్తరములు వ్రాయుచుండును. అతనియొద్ద 1972 వ సంవత్సరపు ఎం.జి.బి. యను రెండుసీట్ల స్పోర్ట్స్ కారు కలదు. అది కదలునప్పుడెల్ల వెనుక నుండి ఠక్కున శబ్దము వచ్చుచున్నదనియు, అక్కడి యొక వర్క్‌షాపువారు చూచి "డిఫరెన్షియలు పోయినది, ఇరుసు మొత్తము మార్చవలసినదే" యనిరనియు, దానికి తన రెండు నెలల జీతము చాలదనియు వ్రాసి, డిఫరెన్షియలునకు తెలుగున నేమందురని చివర నడిగెను. తెలుగుపేరు నేను కల్పింపలేదు. పనివారు డిఫరెన్షియలనియే పలుకుచున్నారు. వారి మాటయే ప్రమాణము. కాని పోయిన దేది యని నేను తిరిగి వ్రాసితిని. డిఫరెన్షియలనునది ఒక వస్తువు కాదు. భిన్నకాలములందు భిన్నదేశములవారు కూర్చిన కొన్ని యంగముల సముదాయము. ఏ యంగము ఎప్పుడు, ఏ కష్టము తీర్చుటకు పుట్టినదో యెఱిగినవాడు, ఏ శబ్దము ఏ యంగమునుండి వచ్చుచున్నదో యెఱుగగలడు. అందుచేత ముందు చరిత్రను చెప్పి, పిదప చికిత్సకు వత్తును.

ఈ చక్రముల కూర్పు తొలుత బండికొఱకు పుట్టలేదు, గడియారముకొఱకు పుట్టినది. పంచాంగము నెఱిగినవారికి మధ్యమరవి, స్పష్టరవి యని రెండు కలవని తెలియును. గడియారము మధ్యమమును చూపును. నీడగడియారము స్పష్టమును చూపును. రెంటికిని గల భేదము దినదినము మాఱుచుండును. ఈ భేదమును గడియారముచేతనే కూడించి తీసివేయించవలెనని యూరపుఖండపు పనివారు యత్నించిరి. లండనులోని జోసెఫ్ విలియంసన్ అను గడియారముల పనివాడు 1720 ప్రాంతమున రెండు చలనములను కలిపి మూడవచలనము నిచ్చు చక్రముల కూర్పును ఇందుకొఱకు వాడెను. రెండింటిని కలిపి మూడవదాని నిచ్చుట సంకలనము. అదే కూర్పును తలక్రిందుచేసి, ఒక చలనమును రెండుగా పంచుటకు వాడినచో నది బండికి పనికివచ్చును. ఈ తలక్రిందు చేయుటకు నూఱేండ్లు పట్టినది.

ఆ నూఱేండ్లలో ఆవిరిబండ్లు పుట్టినవి. ఫ్రాన్సు దేశపు సైనికోద్యోగి నికొలా జోసెఫ్ క్యూన్యో 1769–70 ప్రాంతమున ఫిరంగుల నీడ్చుటకై ఆవిరిబండి నొకదానిని నిర్మించెను. దానికి మూడే చక్రములు. త్రిప్పబడునది ముందున్న యొంటిచక్రము. ఒంటిచక్రమును త్రిప్పినచో భేదమను ప్రశ్నయే లేదు. ఆయన చిక్కును విడదీయలేదు, తప్పించుకొనెను. ఆ బండి 1800 ప్రాంతమున పారిసులోని కళాశిల్పముల విద్యాస్థానమునకు చేరినది. నేటికిని అచటి ప్రదర్శనశాలలో నున్నది. అదే విద్యాస్థానపు పనిశాలలకు తరువాతికాలమున అధికారిగా నున్నవాడు ఒనెజిఫోర్ పెకర్. అతడు గడియారముల పని నేర్చినవాడు. 1828 లో అతడు ఆవిరిబండికి పేటెంటు పొంది, అందు వెనుకచక్రములు రెంటికిని శక్తిని పంచు డిఫరెన్షియలును చేర్చెను. గడియారములోని చక్రములు వీథిలోని బండికి వచ్చుట యిదియే మొదలు. ఇంగ్లండులోని మాంచెస్టరున రిచర్డు రాబర్ట్సు 1832 లో తన యావిరిబండికి ఇట్టి కూర్పునే పేటెంటు చేసెను.

ఈ కూర్పు పనిచేయు విధమును కాడితో పోల్చి చెప్పెదను. కాడి నడుమ బండి కట్టబడును. రెండు చివరల రెండెద్దు లుండును. ఒకయెద్దు కొంచెము వెనుకబడినచో కాడి వాలును గాని లాగుడు రెండువైపుల సమముగానే యుండును. డిఫరెన్షియలులో ఒక ఇనుపపంజరము తిరుగుచుండును. ఆ పంజరమున కడ్డముగా నొక శీల. శీలమీద వదులుగా రెండు చిన్న పండ్లచక్రములు. వానికి కుడియెడమల రెండు పెద్ద పండ్లచక్రములు. ఆ పెద్దవానినుండి చెరియొక షాఫ్టు బండిచక్రమునకు పోవును. చిన్న చక్రము కాడివంటిది. దారి తిన్నగా నున్నప్పుడు అది శీలమీద తిరుగక, పంజరముతో గూడ పోవుచు రెండు వైపులను సమముగా నెట్టును. మలుపు వచ్చినప్పుడు కాడి వాలినట్లు శీలమీద కొంచెము తిరిగి, లోపలిచక్రము కోల్పోయినంత వేగమును వెలుపలిదాని కిచ్చును. పంజరము 100 చుట్లు తిరిగినప్పుడు లోపలిచక్రము 90 తిరిగినచో వెలుపలిది 110 తిరుగును. రెంటి మొత్తము ఎల్లప్పుడును పంజరపు చుట్లకు రెట్టింపే. దీని యందచందమంతయు ఈ ఒక్క నియమమున నున్నది.

దోషమును దానియందే యున్నది. ఒకయెద్దు కాడి విడిచినచో రెండవయెద్దు లాగలేదు. ఒక చక్రము బురదలో పట్టుతప్పి గిఱగిఱ తిరుగునప్పుడు గట్టినేలమీది చక్రమునకు బలము చేరదు. పందెపు కార్లకు ఈ దోషము దుస్సహము. 1930 ల నాటి జర్మనీ దేశపు ఆటో యూనియన్ పందెపు కార్లలో ఈ వ్యర్థభ్రమణమును కొంతవఱకు నడ్డు ప్రత్యేకమైన డిఫరెన్షియలును వాడిరి. ఇంగ్లండులో 1924 నుండి వెలువడిన గొలుసుల ఫ్రేజర్ నాష్ కార్లలోనైతే డిఫరెన్షియలునే మానివేసి, వెనుకచక్రములను దగ్గఱగా చేర్చి, గట్టియిరుసుతోనే నడపిరి. రైలుబండి మార్గము వేఱు: దాని చక్రములు ఇరుసునకు బిగింపబడియే యుండును గాని, వాని యంచు ఏటవాలుగా నుండుటచే మలుపున వెలుపలిచక్రము తన పెద్దవ్యాసముపై, లోపలిది చిన్నవ్యాసముపై దొర్లును. ఒకే చిక్కునకు ముగ్గురు మూడు తెఱగుల సమాధానము చెప్పిరి. సాధారణమైన కార్లకు నిలిచినది పెకర్ చెప్పినదే.

అయినను అది వెంటనే వ్యాపింపలేదు. దానిని జనసామాన్యమునకు తెచ్చినది కాలితో త్రొక్కు బండి. కొవెంట్రీ నగరమున కుట్టుయంత్రములు చేసి పేరొంది, పిదప సైకిళ్లవైపు మరలిన జేమ్సు స్టార్లీ, కుమారునితో ప్రక్కప్రక్కన కూర్చుండి బండిని త్రొక్కునప్పుడు కుమారుని బలము హెచ్చగుటచే బండి యొకవైపునకు పోవుచుండెననియు, అంతట నీ యుపాయము తోచెననియు చెప్పుదురు. 1877 లో అతడు తన త్రిచక్రమునకు డిఫరెన్షియలు నమర్చెను. పిమ్మట 1886 జనవరి 29 వ తేదీన కార్ల్ బెంజ్ జర్మనీలో పేటెంటునకు దాఖలుచేసిన మోటారుబండిలో నిది కలదు. బెంజ్ బండిలో డిఫరెన్షియలు వెనుక యిరుసులో లేదు; ముందున్న యొక యడ్డుకమ్మిలో నుండి, అచటినుండి రెండు గొలుసులు చక్రములకు పోవుచుండెను. గొలుసులను తీసివేసి, ఇంజను వెనుకనుండి ఇరుసు నడిమివఱకు పొడవైన షాఫ్టు నడపిన కీర్తి ఫ్రాన్సు దేశస్థుడగు లూయీ రెనోకు చెందును. అది 1898.

షాఫ్టు వచ్చుటతో క్రొత్త యవసరము కలిగినది. షాఫ్టు బండి పొడవున తిరుగును. చక్రములు అడ్డముగా తిరుగవలెను. ఈ మూలమలుపు త్రిప్పుటకు షాఫ్టు చివర చిన్న పినియను చక్రము, పంజరమునకు బిగించిన పెద్ద క్రౌను చక్రము కావలసివచ్చినవి. ఏటవాలు పండ్లను చక్కగా చెక్కుట చేతిపనికి లొంగదు. అమెరికాలో రోచెస్టరు నగరమున విలియం గ్లీసన్ 1874 లో అట్టి పండ్లను చెక్కు యంత్రమును నిర్మించెను. తొలుత తిన్నని పండ్లు. అవి ఎక్కువ మ్రోగుచుండెను. 1913 లో ప్యాకార్డు కార్లకు వంపుపండ్లు వచ్చినవి, మ్రోత తగ్గినది. 1926 లో ప్యాకార్డువారే గ్లీసన్‌వారి హైపాయిడ్ పండ్లను వాడిరి. హైపాయిడ్ పద్ధతిలో పినియను క్రౌను చక్రపు నడిమికి ఎదురుగా నుండక క్రిందికి దిగియుండును. అందుచే షాఫ్టును క్రిందికి దిగును. కారు నేలకు దగ్గఱగును. స్పోర్ట్స్ కారులో కూర్చున్నవాడు చేయిచాచి రోడ్డు నంటగలిగినంత క్రిందుగా కూర్చుండును. కాని యీ లాభమునకు మూల్య మొకటి కలదు. ఈ పండ్లు ఒకదానిపై నొకటి దొర్లుట మాత్రమే కాక ఒరసికొనుచు జారును. సామాన్యమైన నూనె ఆ యొత్తిడికి నిలువదు. గంధకాది ద్రవ్యములు చేర్చిన ప్రత్యేకమైన హైపాయిడ్ నూనె కావలెను.

ఇక ఎం.జి.బి. కారునకు వత్తము. ఆక్స్‌ఫర్డులోని మోరిస్ గరాజెస్ అను పేరి తొలి యక్షరములే ఎం.జి. 1929 నుండి వారి కర్మాగారము సమీపమున నున్న అబింగ్డన్ పట్టణమున నుండెను. ఎం.జి.బి. 1962 లో వెలువడి 1980 వఱకు నిర్మింపబడినది. ఐదులక్షలకు పైగా కార్లు తయారైనవి. 1980 లోనే అబింగ్డన్ కర్మాగారము మూతపడినది. తొలినాళ్ల కార్లకు వీణకాయవలె గుండ్రముగా నుబ్బిన ఇరుసుండెను. డిఫరెన్షియలును ముందువైపునుండి ఊడదీయవచ్చును. పైకప్పుగల జి.టి. కార్లకు 1965 నుండియు, తక్కినవానికి 1967 నుండియు గొట్టపుటిరుసు వచ్చినది. దీనిలో డిఫరెన్షియలును వెనుకనున్న మూత విప్పి చూడవలెను. నా శిష్యుని 1972 కారున నున్నది ఈ రెండవది.

దీని పినియనుకు 11 పండ్లు, క్రౌను చక్రమునకు 43. ఈ సంఖ్యలను పరికింపుడు. రెంటికిని 1 తప్ప సామాన్యభాజకము లేదు. మన గణితశాస్త్రజ్ఞులు ఇట్టివానిని దృఢములనిరి. అందుచేత పినియనులోని ప్రతిపన్నును క్రౌనులోని ప్రతిపంటిని వరుసగా కలసికొనును. ఏ జంటయు నిత్యము తమలో తామే ఒరసికొనుచుండదు. అరుగుదల యందఱకును సమముగా పంచబడును. ఇట్లు ఏండ్లతరబడి కలసి అరిగిన చక్రములు ఒకదాని కొకటి సరిపోయి మెత్తగా పనిచేయును. కర్మాగారమునందే ఈ రెంటిని జంటగా ఒరపిడిపెట్టి, జంటగుఱుతు చెక్కుదురు. ఒక జంటలోని పినియనును, మఱియొక జంటలోని క్రౌనును కలుపరాదు. కలిపినచో జీవితాంతము కలహమే.

ఇప్పుడు రోగనిదానము. చరిత్రలో మూడు పొరలను చూచితిమి: గడియారమునుండి వచ్చిన పంజరపు చక్రములు, గ్లీసన్ యంత్రమునుండి వచ్చిన క్రౌను పినియనులు, ఈ రెంటిని మోయు బేరింగులు. మూడింటికిని మూడు శబ్దములు కలవు. కారు కొంత వేగము నందుకొన్నప్పుడు కూతవలె సన్నని యేకస్వరము వినబడి, ఇంజను కాలు తీసినప్పుడు స్వరము మాఱినచో దోషము క్రౌను పినియనులయందు లేదా వాని యమరికయందు కలదు. వేగముతోపాటు ఎల్లప్పుడును ఘర్ఘరమని తిరుగలివంటి మ్రోత వచ్చినచో బేరింగులు చెడినవి. నడకలో నిశ్శబ్దముగానుండి, బలము నందుకొనునప్పుడును, విడుచునప్పుడును మాత్రమే ఠక్కుమని కొట్టినచో పంజరపు చక్రముల వెనుకనున్న వాషర్లు అరిగినవి.

వాషర్ల కెందుకీ గతి పట్టును? ఏటవాలు పండ్లు ఒకదానినొకటి త్రిప్పుటయే కాక, ఒకదానినొకటి ప్రక్కకు త్రోయును. ఆ త్రోపును ప్రతిసారియు భరించునది చక్రమునకును పంజరమునకును నడుమ పెట్టిన పలుచని వాషరు. ఇది యరుగుటకే పెట్టబడినది. ఇది యరిగి గట్టియినుము నిలుచును. ఇది పలుచనైనకొలది చక్రముల నడుమ సందు పెరిగి, బలము దిశ మార్చినప్పుడెల్ల పండ్లు ఎగిరి తాకును.

అయినను ఠక్కుమన్నదెల్ల డిఫరెన్షియలు కాదు. షాఫ్టు రెండు చివరలనున్న కీళ్లు వదులైనను ఆ శబ్దమే వచ్చును. తీగచక్రములున్న కార్లలో చక్రమును హబ్బునకు పట్టియుంచు గాడులు అరిగినను అట్లే కొట్టును. కావున కారును లేపి, గట్టి యాధారములపై నిలిపి, తొలుత కీళ్లను, పిదప గాడులను చేతితో కదల్చి చూచి, వానియందు దోషము లేనప్పుడే మూత విప్పవలెను. వైద్యశాస్త్రమున నాడిని చూడక మందీయరాదన్నట్లే యిది.

నా శిష్యుడు అట్లు చేసెను. కీళ్లు బాగుగానున్నవి. కూత లేదు, ఘర్ఘరము లేదు. ఉన్నది ఠక్కు మాత్రమే. నూనెను తీసి, వెనుకమూత విప్పి, చక్రములను బ్రేకులను ఊడదీసి, షాఫ్టులను రెండువైపులను వెలుపలికి లాగెను. అడ్డుశీలను పట్టియుంచు చిన్నమేకును కొట్టివేసి, శీలను తీసి, చిన్నచక్రములను కిటికీవఱకు త్రిప్పి బయటికి తీసెను. వాని వెనుక వాషర్లు కాగితమువలె పలుచనై యుండెనట. పెద్దచక్రముల వెనుకనున్న వాషరొకటి చీలి, దాని తునక నూనెలో దొరికెనట. పండ్లయం దేదోషమును లేదు. వాషర్లు క్రొత్తవి వేసి, మూతకు క్రొత్త గాస్కెటు పెట్టి, హైపాయిడ్ నూనె పోసి బిగించినాడు. ఠక్కు పోయినది. వాషర్ల మూల్యము ఒకపూట భోజనమునకు మించలేదని వ్రాసినాడు. క్రౌను పినియనులను ముట్టనేలేదు. ముట్టవలసిన పనియు లేదు.

ఈ ఫలము నందఱికిని వాగ్దానము చేయరాదు. కూత వచ్చుచున్న కారునకు వాషర్లు వేసిన లాభములేదు. పండ్లమీది గట్టిపొర పెచ్చులూడినచో, లేక పన్ను విఱిగినచో, ఆ జంటను మార్చవలసినదే. అది సులభమైన పని కాదు. గొట్టపుటిరుసు గూటిని సాధనముతో కొంచెము వెడల్పుచేసి పంజరమును తీయవలెను. పినియను ఎంత లోతుగా నుండవలెనో పలుచని రేకులతో సరిచూడవలెను. పినియను బేరింగుల నడుమనున్న నొక్కుడుగొట్టమును ప్రతిసారియు క్రొత్తది వేసి, మరను తగినంతమాత్రమే బిగింపవలెను. మించినచో దానిని పారవైచి మరల మొదలిడవలెను. పండ్ల నడుమ సందును అంగుళములో వేయవవంతులతో కొలువవలెను. పిదప పండ్లకు రంగుపూసి త్రిప్పి, రంగు పంటి నడుమ అంటినదా, అంచున నంటినదా పరీక్షింపవలెను. అంచున నంటినచో కూత వదలదు. ఇది చేయితిరిగిన పనివానికే చెల్లును. అట్టివానికి తగిన జీతమిచ్చుట ధర్మము.

వర్క్‌షాపువారు చెప్పిన మూడవ మార్గము, ఇరుసునే మార్చుట. అదియు కొన్నియెడల తగినదే. కాని విఱిగిన కారునుండి తెచ్చిన యిరుసులో నే రోగమున్నదో తెలియదు. తీగచక్రముల కారు ఇరుసునకును, ఇనుపరేకు చక్రముల కారు ఇరుసునకును వెడల్పు భేదము కలదు. ఎం.జి.బి. వి8 కారు ఇరుసు తెచ్చి వేసినచో నిష్పత్తి 3.909 నుండి 3.07 కు తగ్గును. దూరప్రయాణమున ఇంజను నెమ్మదించును గాని, బయలుదేరుటలో చుఱుకుతనము తగ్గును, వేగము చూపు గడియారము తప్పు చెప్పును. కారు స్వభావమే మాఱును. తెలిసి చేసినచో నది యిష్టము. తెలియక చేసినచో నష్టము.

మన భాషలో అరుగుట యను మాట చిత్రమైనది. అన్నమును అరుగును, ఇనుమును అరుగును. సంస్కృతమున జీర్ణమనునదియు అట్టిదే. అన్నము అరుగుట దేహమునకు హితము. వాషరు అరుగుట చక్రమునకు హితము. ఒకటి యరిగిననే మఱియొకటి నిలుచును. మన యాగమములందు జీర్ణోద్ధారమను విధి కలదు. శిథిలమైన భాగమును గుర్తించి, దానినే తీసి, మునుపటి ద్రవ్యముతో గాని అంతకు మేలైనదానితో గాని, మునుపటి ప్రమాణమున నిలుపవలెను, గట్టిగానున్నదానిని కదల్పరాదు. ఒక గోపురపు రాయి పగిలినదని గోపురమును పడగొట్టినవాడు ఉద్ధారకుడు కాడు. వ్రాతప్రతిలో నొక యక్షరము చెదలు తినినదని పద్యమును తిరుగవ్రాసినవాడు పరిష్కర్త కాడు.

పాతకార్ల విషయమున నీ విధి విలాసము కాదు. వానిని చేసిన కర్మాగారము లేదు. చేసినవారిలో పలువురు లేరు. విడిభాగములను నేటికిని చేయువారు కలరు గనుక వాషర్లు దొరకుచున్నవి. అబింగ్డనులో కూర్చిన జంటచక్రములు, ఐదు దశాబ్దములు కలసి నడచినవి, ఒకమాఱు పారవేసినచో అవి మరల రావు. అందుచేత పనివాడు "పోయినది" యనినప్పుడు యజమాని "ఏది పోయినది?" యని యడుగవలెను. ఆ ప్రశ్నకు బదులు చెప్పగల పనివాడు విద్వాంసుడు. అడుగుటకు తగినంత తెలిసియుండుట యజమాని వంతు. అందులకు పెద్ద చదువు అక్కఱలేదు. మూడు శబ్దములను వేర్వేరుగా వినగల చెవియు, మూతవిప్పకమునుపు కీళ్లను కదల్చి చూచు నోపికయు చాలును.